హార్డ్ డిస్కు మొరాయిస్తే: ముందు నకలు, ఆ తర్వాతే మరమ్మతు



మేము చెన్నూరు హాస్టల్లో చదువుకున్న రోజుల్లో ఒక్కొక్కరి ఆస్తి అంటే ఒక ఇనుప ట్రంకు పెట్టె. పదో తరగతి మార్కుల జాబితా, కుల ధ్రువీకరణ పత్రం, ఇంటి నుంచి తెచ్చుకున్న ఫోటో అన్నీ ఆ పెట్టె అడుగున ఉండేవి. తాళం చెవి మొలతాడుకు కట్టుకుని తిరిగేవాళ్ళం. ఇప్పుడు పాలిటెక్నిక్, డిగ్రీ, ఇంజనీరింగ్ చదువుతున్న మన తమ్ముళ్ళకు ఆ ట్రంకు పెట్టె స్థానంలో లాప్‌టాప్ వచ్చింది. అది కూడా చాలామందికి సెకండ్ హ్యాండుదే. నాలుగైదేళ్ళు ఎవరో వాడి వదిలేసిన దాన్ని అమ్మానాన్నలు కూలి డబ్బు కూడబెట్టి కొనిచ్చినదే. ప్రాజెక్టు రిపోర్టు, నోట్సు, సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు, చనిపోయిన అవ్వ ఫోటో అన్నీ అందులోనే ఉంటాయి. ఒకరోజు ఉదయం అది తెరుచుకోదు. అప్పుడేం చేయాలి?

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఒకటే మాట. డిస్కు చెడిపోయినందువల్ల పోయే ఫైళ్ళ కంటే, చెడిపోయిన తర్వాత మనం చేసే హడావుడి వల్ల పోయే ఫైళ్ళు తక్కువేమీ కాదు. కాబట్టి ముందు ఆగాలి. తర్వాత నకలు తీయాలి. మరమ్మతు ఏదైనా ఆ నకలు మీదనే చేయాలి. ఇది ఎందుకో, ఎలాగో వరుసగా తెలుసుకుందాం.

డిస్కు లోపల ఏముంటుంది?

ప్రపంచంలో మొదటి హార్డ్ డిస్కును ఐబీఎం సంస్థ 1956లో తయారు చేసింది. అందులో 24 అంగుళాల వెడల్పు గల పళ్ళేలు 50 ఉండేవి. బరువు సుమారు ఒక టన్ను. ఇంతా చేసి అందులో పట్టినది 50 లక్షల అక్షరాలు మాత్రమే. మన సెల్‌ఫోనుతో తీసే ఒక్క ఫోటోకు ఈరోజు దాదాపు అంత చోటు కావాలి.

లాప్‌టాప్‌లో ఉండే డిస్కు వెడల్పు 2.5 అంగుళాలు. లోపల గాజుతో గాని అల్యూమినియంతో గాని చేసిన గుండ్రటి పళ్ళేలు ఉంటాయి. వాటి మీద అయస్కాంత గుణం గల పలుచటి పూత ఉంటుంది. మనం దాచిన ప్రతి అక్షరం ఆ పూత మీద సున్నాలు, ఒకట్లుగా నమోదవుతుంది. ఆ గుర్తులను రాసేది, చదివేది ఒక చిన్న భాగం. దాన్ని హెడ్డు అంటారు.

సాధారణంగా లాప్‌టాప్ డిస్కు నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 90 సార్లు. లెక్క వేస్తే పళ్ళెం అంచు గంటకు 65 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతున్నట్టు. అంటే ఇంచుమించు కడప నుంచి ప్రొద్దుటూరు పోయే బస్సంత వేగం. ఆ వేగంలో హెడ్డు పళ్ళేన్ని తాకకుండా, కొద్ది నానోమీటర్ల ఎత్తున గాలి పొర మీద తేలుతుంటుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70,000 నానోమీటర్లు. అంటే కంటికి కనిపించని దుమ్ము రేణువు కూడా ఆ హెడ్డుకు దారికి అడ్డం పడ్డ కొండరాయి లాంటిది. అందుకే డిస్కును ఇంట్లో విప్పకూడదని పదేపదే చెబుతారు.

ఇంకొక సంగతి. డిస్కులో ఫైళ్ళు ఒక చోట, వాటి పట్టిక ఇంకొక చోట ఉంటాయి. మన గ్రంథాలయంలో పుస్తకాలు బీరువాలో ఉంటాయి, ఏ పుస్తకం ఎక్కడుందో రిజిస్టరులో రాసి ఉంటుంది కదా, అలాగే. ఫైలును డిలీట్ చేస్తే కంప్యూటరు రిజిస్టరులో ఆ పేరు కొట్టేసి "ఈ చోటు ఖాళీ" అని రాసుకుంటుంది. పుస్తకం మాత్రం బీరువాలోనే ఉంటుంది. ఆ చోటులో కొత్త పుస్తకం పెట్టేవరకే దానికి ఆయుష్షు. క్విక్ ఫార్మాట్ చేసినా జరిగేది ఇంచుమించు ఇదే. ఈ ఒక్క విషయం అర్థమైతే సగం పాఠం అయిపోయినట్టే.

జబ్బు ఏదో ముందు తెలుసుకోవాలి

"నా లాప్‌టాప్ పోయిందన్నా" అని తమ్ముళ్ళు ఫోన్ చేస్తుంటారు. లాప్‌టాప్ పోవడం వేరు, డిస్కు పోవడం వేరు. నాలుగు రకాలుగా విడదీసి చూడండి.

1. డిస్కు బాగుంది, లాప్‌టాప్ బాగాలేదు: చార్జరు, తెర, మదర్‌బోర్డు చెడిపోతే కంప్యూటరు తెరుచుకోదు గాని ఫైళ్ళు క్షేమంగా ఉంటాయి. లాప్‌టాప్ అడుగున స్క్రూలు తీసి డిస్కును బయటకు తెచ్చి, సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే తీగతో వేరే కంప్యూటరుకు తగిలిస్తే చాలు. ఆ తీగ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. హాస్టల్ మొత్తానికి ఒకటి ఉంటే అందరికీ పనికొస్తుంది. అయితే చౌక రకం లాప్‌టాప్‌లు కొన్నింటిలో మెమరీని బోర్డుకే అతికించి ఉంచుతారు. దాన్ని విడిగా తీయలేము.

2. డిస్కు ఆరోగ్యంగానే ఉంది, పట్టిక చెడింది: పొరపాటున డిలీట్ చేయడం, ఫార్మాట్ చేయడం, వైరస్, పార్టిషన్ కనిపించకపోవడం ఈ కోవలోకి వస్తాయి. వీటిని ఇంట్లోనే సరిచేసుకునే అవకాశం ఎక్కువ.

3. డిస్కు నీరసించింది: కంప్యూటరు చాలా నెమ్మదిస్తుంది. ఒక ఫోల్డరు తెరవబోతే బిగుసుకుపోతుంది. కాపీ చేస్తుంటే మధ్యలో ఆగిపోతుంది. పళ్ళెం మీద కొన్ని చోట్ల పూత దెబ్బతిన్నదని దీని అర్థం. ఇక్కడ మన దగ్గరున్న సమయం తక్కువ.

4. డిస్కు విరిగింది: టిక్ టిక్ మని లయగా కొట్టుకునే శబ్దం, గీరుతున్న శబ్దం, అసలు తిరగకపోవడం, ఏ కంప్యూటరుకు తగిలించినా గుర్తించకపోవడం దీని లక్షణాలు. ఇది ఇంటి వైద్యానికి లొంగే జబ్బు కాదు. వెంటనే కరెంటు తీసేయాలి.

ఈ నాలుగింటిలో ఏది అన్నది చెవితో విని, కంటితో చూసి చాలావరకు చెప్పవచ్చు. డిస్కుకు తన ఆరోగ్యాన్ని తానే రాసుకునే ఏర్పాటు కూడా ఉంది. దాన్ని స్మార్ట్ అంటారు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము ఆ రాతను చదివి చూపిస్తుంది. అందులో చెడిపోయి వేరే చోటికి మార్చిన సెక్టార్ల సంఖ్య, చదవలేక పెండింగులో పెట్టిన సెక్టార్ల సంఖ్య ముఖ్యమైనవి. అవి సున్నా కాకుండా, వారం వారం పెరుగుతుంటే ప్రమాదం దగ్గరపడిందని అర్థం. కానీ సున్నా ఉంది కదా అని ధీమా పడకూడదు. గూగుల్ సంస్థ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ఒక పత్రం ప్రచురించారు. చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా వాటిలో ముఖ్యమైన నాలుగు స్మార్ట్ హెచ్చరికల్లో ఒక్కటి కూడా ముందుగా కనిపించలేదని అందులో తేలింది. చెప్పకుండా పోయేవే ఎక్కువన్న మాట.

మొదటి గంటలో చేయకూడనివి

• ఆపి మళ్ళీ వేయడం, ఆపి మళ్ళీ వేయడం చేయవద్దు. దెబ్బతిన్న హెడ్డు తిరిగిన ప్రతిసారీ పళ్ళేన్ని గీరవచ్చు. గీరుకుపోయిన పూతలోని అక్షరాలను ఎంతటి నిపుణుడైనా తిరిగి తేలేడు.

• విండోస్ "డిస్కును సరిచేయమంటారా?" అని అడిగితే సరే అనవద్దు. చెక్ డిస్క్ అనే ఆ ప్రోగ్రాము పట్టికను సరిచేస్తుందే తప్ప మన ఫైళ్ళను కాపాడడం దాని పని కాదు. నీరసించిన డిస్కు మీద గంటల తరబడి పనిచేసి, ఉన్న ప్రాణం కూడా తీస్తుంది.

• రికవరీ ప్రోగ్రామును అదే డిస్కులోకి దించుకోవద్దు. పోయిన ఫైలు ఉన్న చోటులోనే ఆ ప్రోగ్రాము కూర్చోవచ్చు.

• విండోస్ మళ్ళీ ఎక్కించవద్దు.

• డిస్కును ఫ్రిజ్‌లో పెట్టడం, అరచేతిలో తట్టడం, మూత విప్పడం వంటి చిట్కాల జోలికి పోవద్దు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి లోహం మీద తేమ పడుతుంది. ఆ తేమే కొత్త జబ్బు.

కడపలో డిగ్రీ చదువుతున్న మాకు తెలిసిన ఒక తమ్ముడి సంగతి చెబుతాము. పరీక్షలకు పది రోజుల ముందు అతని లాప్‌టాప్ విండోస్ దగ్గర ఆగిపోయింది. ఒక రిపేరు షాపులో ఇచ్చాడు. "సాయంత్రం రా తమ్ముడూ" అన్నారు. సాయంత్రానికి లాప్‌టాప్ చక్కగా పనిచేస్తోంది. కానీ లోపల ఏమీ లేదు. డిస్కు అంతా ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ వేశారు. షాపువాళ్ళ లెక్కలో రిపేరు అంటే మిషను తెరుచుకోవడం. తమ్ముడి లెక్కలో రిపేరు అంటే ప్రాజెక్టు రిపోర్టు దొరకడం. ఈ తేడా ఎవరూ నోరు తెరిచి మాట్లాడుకోలేదు. ఆ తర్వాత కొంత వెనక్కి వచ్చింది గాని, కొత్త విండోస్ కూర్చున్న చోట ఉన్నవి రాలేదు. రిపోర్టు సగం మళ్ళీ రాసుకున్నాడు.

బ్రౌన్ దొర చూపిన దారి

"అసలు దాని జోలికి పోకుండా నకలు మీద పనిచేయడం" అన్నది కంప్యూటర్లతో పుట్టిన ఆలోచన కాదు. దానికి మంచి ఉదాహరణ మన పక్కనే ఉంది.

సి.పి. బ్రౌన్ 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చారు. ఆ రోజుల్లో మన కావ్యాలు, వేమన పద్యాలు తాటాకుల మీద ఉండేవి. చెదలు తిన్నవి కొన్ని, విరిగినవి కొన్ని, మధ్యలో ఆకులు పోయినవి కొన్ని. మరి ఆయన ఏం చేశారు? ఒక్క ప్రతిని నమ్ముకోలేదు. ఊరూరా వెతికించి ఒకే గ్రంథానికి అనేక ప్రతులు సంపాదించారు. కడపలో బంగళా కొని, తన సొంత డబ్బుతో పండితులను, లేఖకులను పెట్టుకుని, వాటికి కాగితం మీద నకళ్ళు రాయించారు. జూలూరి అప్పయ్య వంటి పండితులు ఆ ప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి పాఠాలు సరిచేశారు. ఒక ప్రతిలో పోయిన పాదం ఇంకొక ప్రతిలో దొరికేది. అలా కూర్చిన వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి. ఆ బంగళా ఉన్న చోటనే, కడప ఎర్రముక్కపల్లెలో, ఈరోజు యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది. వీలు చూసుకుని ఒకసారి వెళ్ళి రండి.

ఇందులో మనం నేర్చుకోవలసినవి రెండు. శిథిలమైన దాన్ని పదేపదే తిరగేయకూడదు, ఒక్కసారి జాగ్రత్తగా నకలు తీయాలి. రెండు, ఏ గ్రంథానికైనా రెండో ప్రతి ఉంటేనే మొదటి ప్రతిలోని లోపం పూరించగలం. డిస్కు విషయంలో కూడా సూత్రం ఇదే.

నకలు తీసే విధానం

పైన చెప్పిన రెండో, మూడో రకం జబ్బులకు ఈ పద్ధతి. కావలసినవి: బాగున్న ఒక కంప్యూటరు, 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి, పాత డిస్కు కంటే ఎక్కువ ఖాళీ ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కు ఒకటి, ముందు చెప్పిన యూఎస్‌బీ తీగ.

మొదట ఒక చిన్న మినహాయింపు. డిస్కు నెమ్మదిగానైనా ఇంకా తెరుచుకుంటూ ఉంటే, మళ్ళీ ఎక్కడా దొరకని ఒకటి రెండు చిన్న ఫోల్డర్లను ముందుగా కాపీ చేసుకోండి. సినిమాలు, పాటలు, సాఫ్ట్‌వేర్లు మళ్ళీ దొరుకుతాయి. మీరు రాసిన రిపోర్టు, మీ ఇంటి ఫోటోలు దొరకవు. ఏది ముందో ఇప్పుడే తేల్చుకోండి. శబ్దం వస్తుంటే మాత్రం ఇది కూడా వద్దు.

తర్వాత మొత్తం డిస్కుకు నకలు తీయాలి. దీన్ని ఇమేజ్ అంటారు. ఫైళ్ళతో సంబంధం లేకుండా మొదటి సెక్టారు నుంచి చివరి సెక్టారు దాకా ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయడం అన్నమాట. దీనికి సిస్టమ్‌రెస్క్యూ అనే ఉచిత లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని నుంచి కంప్యూటరును తెరవండి. ఇది తనంతట తాను డిస్కులను తెరిచి వాటి మీద ఏమీ రాయదు. విండోస్ అలా ఊరుకోదు. అందులో జీఎన్‌యూ డీడీ రెస్క్యూ అనే ప్రోగ్రాము ఉంటుంది.

ఈ డీడీ రెస్క్యూ పనిచేసే తీరు తెలివైన విద్యార్థి పరీక్ష రాసే తీరు వంటిది. తెలిసిన ప్రశ్నలన్నిటికీ ముందు జవాబులు రాసేస్తాడు. కష్టమైన వాటి నంబర్లు పక్కన గుర్తు పెట్టుకుంటాడు. చివర్లో మిగిలిన సమయంలో వాటి దగ్గరికి వస్తాడు. ఇది కూడా బాగున్న చోట్లను గబగబా చదివి, చెడ్డ చోట్లను దాటుకుంటూ పోతుంది. ఎక్కడెక్కడ దాటిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. చివరకు ఆ చోట్లకు తిరిగి వచ్చి కొంచెం కొంచెంగా ప్రయత్నిస్తుంది. మామూలు కాపీ అయితే మొదటి చెడ్డ చోటనే మొండిగా కూర్చుని డిస్కును అరగదీస్తుంది. మధ్యలో కరెంటు పోయినా భయం లేదు. మ్యాప్ ఫైలు ఉంటే ఆగిన చోటు నుంచే మళ్ళీ మొదలవుతుంది.

ఈ ప్రోగ్రాముకు మూడు విషయాలు వరుసగా చెప్పాలి: ఏ డిస్కు నుంచి చదవాలి, ఎక్కడ రాయాలి, మ్యాప్ ఫైలు పేరేమిటి. మొదటి రెండూ తారుమారైతే ఖాళీ డిస్కును తెచ్చి మీ ఫైళ్ళ మీద రాసేస్తుంది. కాబట్టి డిస్కు కంపెనీ పేరు, సైజు చూసి, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని, ఇద్దరూ చదివి సరే అనుకున్నాకే ఎంటర్ నొక్కండి. ఇంకొక మాట. నకలు రాసే డిస్కు ఫ్యాట్ 32 పద్ధతిలో ఉంటే 4 జీబీ మించిన ఫైలును పట్టలేదు. దాన్ని ముందే ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చుకోవాలి.

ఎంతసేపు పడుతుంది? 500 జీబీ డిస్కు, సెకనుకు 100 ఎంబీ చొప్పున చదివితే గంటన్నర లోపు. పాత రకం యూఎస్‌బీలో సెకనుకు 30 ఎంబీ వస్తే నాలుగున్నర గంటలకు పైనే. డిస్కు నీరసించి ఉంటే ఒకటి రెండు రోజులు కూడా పట్టవచ్చు. ఓపిక పట్టండి. డిస్కు చేతికి వేడిగా తగిలితే కాసేపు ఆపి, చల్లారాక మళ్ళీ మొదలుపెట్టండి.

నకలు నుంచి ఫైళ్ళు తీయడం

నకలు చేతికి వచ్చాక పాత డిస్కును విప్పి, కాగితంలో చుట్టి పక్కన పెట్టండి. ఇక దానితో పని లేదు.

ముందుగా టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాముతో ప్రయత్నించండి. అది పోయిన పార్టిషన్‌ను, చెడిపోయిన పట్టికను వెతికి చూపిస్తుంది. ఇది ఫలిస్తే ఫైళ్ళు వాటి పేర్లతో, ఫోల్డర్లతో సహా వస్తాయి.

అది ఫలించకపోతే దాని తోడబుట్టిన ఫోటోరెక్ ఉంది. ఇది పట్టికను అసలు పట్టించుకోదు. బీరువాలోని ప్రతి పుస్తకం మొదటి పేజీ తిరగేసి "ఇది గణితం, ఇది చరిత్ర" అని ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి దీనిది. ప్రతి రకం ఫైలుకూ మొదట్లో ఒక గుర్తు ఉంటుంది. పీడీఎఫ్ ఫైలు శాతం గుర్తుతో, పి.డి.ఎఫ్. అనే మూడు అక్షరాలతో మొదలవుతుంది. కొత్త వర్డ్ ఫైలు నిజానికి జిప్ ఫైలే, అది పి.కె. అనే అక్షరాలతో మొదలవుతుంది. జిప్ పద్ధతిని రూపొందించిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలవి. ఈ పద్ధతిలో ఫైళ్ళు దొరుకుతాయి గాని పేర్లు దొరకవు. వేల ఫైళ్ళు నంబర్లతో వస్తాయి, కూర్చుని ఏరుకోవాలి. డిస్కులో ముక్కలు ముక్కలుగా చెదిరి ఉన్న పెద్ద ఫైళ్ళు సరిగా రాకపోవచ్చు.

విండోస్ 10, 11 ఉన్న కొన్ని లాప్‌టాప్‌లలో డిస్కు మొత్తాన్ని బిట్‌లాకర్ అనే రహస్య లిపిలో రాస్తారు. అలాంటి డిస్కుకు నకలు తీసినా 48 అంకెల రికవరీ కీ లేనిదే తెరుచుకోదు. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. డిస్కు బాగున్నప్పుడే వెతికి, కాగితం మీద రాసి ట్రంకు పెట్టెలో పెట్టుకోండి.

ఎస్.ఎస్.డి. అయితే లెక్క వేరు

కొత్త లాప్‌టాప్‌లలో తిరిగే పళ్ళేలు లేవు. చిప్పులతో చేసిన ఎస్.ఎస్.డి. ఉంటుంది. కింద పడినా త్వరగా దెబ్బతినదు, వేగం ఎక్కువ. కానీ దాని చావు నిశ్శబ్దం. నిన్న పనిచేసి ఈరోజు కనిపించకుండా పోవచ్చు. పైగా ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల, డిలీట్ చేసిన ఫైలు ఉన్న చోటును అది తనంతట తానే తుడిచేస్తుంది. మన పోలికలో చెప్పాలంటే, రిజిస్టరులో పేరు కొట్టేయగానే పుస్తకాన్ని కూడా కాల్చేసే గ్రంథాలయం. అందులో డిలీట్ అయిన ఫైలు వెనక్కి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

తడిసినా, కాలినా ఆశ ఉంటుంది

2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, రాజంపేట ప్రాంతంలోని ఊళ్ళు మునిగిన సంగతి మనకు తెలుసు. అటువంటి సమయంలో ప్రాణాలే ముఖ్యం. అయితే తర్వాత బురదలో దొరికిన లాప్‌టాప్‌ను ఎండలో ఆరబెట్టి స్విచ్ వేయడం మాత్రం తప్పు. చాలా డిస్కులకు గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది. దాని గుండా నీళ్ళు, నీళ్ళతో ఒండ్రు లోపలికి పోతాయి. ఆరితే ఒండ్రు పళ్ళేనికి అంటుకుంటుంది. స్విచ్ వేస్తే హెడ్డు దాన్ని గీరుతుంది. తడి డిస్కును ఆరనీయకుండా ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి, త్వరగా నిపుణుల ల్యాబుకు చేర్చాలి.

ల్యాబు ఏం చేయగలదో చెప్పడానికి ఒక ఉదాహరణ. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక భూమికి తిరిగి వస్తూ ఆకాశంలో ముక్కలైంది. మన దేశంలో పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు మరణించారు. శిథిలాల్లో మాడిపోయిన హార్డ్ డిస్కు ఒకటి దొరికింది. జెనాన్ వాయువు మీద చేసిన ప్రయోగం ఫలితాలు అందులో ఉన్నాయి. అమెరికాలోని క్రోల్ ఆన్‌ట్రాక్ సంస్థ ఇంజనీరు జాన్ ఎడ్వర్డ్స్ దాని పళ్ళేలను శుభ్రం చేసి, వేరే డిస్కులో అమర్చి, 99 శాతం సమాచారం బయటకు తెచ్చారు. ఆ ప్రయోగ ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి. అదే శిథిలాల్లో దొరికిన మరో రెండు డిస్కుల నుంచి మాత్రం ఏమీ రాలేదు.

అంటే ఏమిటి? నిప్పులో పడిన డిస్కు కూడా బతకవచ్చు, పళ్ళెం మీది పూత మిగిలి ఉంటే. ఆ పూతను గీరకుండా ఉంచడమే మన చేతిలో ఉన్న పని. మిగతాది ల్యాబు పని. అక్కడ దుమ్ము లేని ప్రత్యేక గదుల్లో డిస్కు విప్పుతారు. ఘనపుటడుగు గాలిలో అర మైక్రాను సైజు రేణువులు వందకు మించకుండా చూసుకుంటారు. అందుకే ఖర్చు వేలల్లో ఉంటుంది. నాలుగో రకం జబ్బు వచ్చి, ఇప్పుడు డబ్బు లేకపోతే, డిస్కును కరెంటు పెట్టకుండా భద్రంగా దాచండి. ఉద్యోగం వచ్చాక చూపించుకోవచ్చు. తిప్పి తిప్పి పాడు చేసుకున్న దానికి మాత్రం ఎన్ని డబ్బులు వచ్చినా వైద్యం లేదు.

షాపుకు ఇచ్చేటప్పుడు

"నాకు లాప్‌టాప్ కాదు, ఫైళ్ళు కావాలి. ఫార్మాట్ చేయవద్దు" అని మొదటి మాటగానే చెప్పండి. అదే మాట రసీదు మీద రాయించుకోండి. డిస్కు సీరియల్ నంబరు ఫోటో తీసుకోండి. పరీక్షకు ఎంత, ఫైళ్ళు వస్తే ఎంత, రాకపోతే ఎంత అని ముందే అడగండి. డిస్కు విప్పుతామంటే ఎక్కడ విప్పుతారో అడగండి. దుమ్ము లేని గది లేకపోతే వెనక్కి తీసుకోండి. ఆ డిస్కులో ఇంటివాళ్ళ ఫోటోలు, ఆధార్, బ్యాంకు కాగితాలు ఉంటాయి. నకలు ఎవరి దగ్గరా మిగలకుండా చూసుకోండి. పెద్దవాళ్ళ ముందు ప్రశ్న అడగడానికి జంకే అలవాటు మన హాస్టల్ పిల్లలకు ఉంది. డబ్బు మీది, ఫైళ్ళు మీవి. అడగడం అమర్యాద కాదు.

ఇల్లు కాలకముందే బావి తవ్వుకుందాం

మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే ఊళ్ళో: ఇదీ నియమం. మనకు వీలైన తీరులో చెప్పాలంటే, లాప్‌టాప్‌లో ఒకటి, ఇంటి దగ్గర అమ్మ బీరువాలో పెట్టిన పెన్‌డ్రైవ్‌లో ఒకటి, గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ చోటులో ఒకటి. రిపోర్టులకు, సర్టిఫికెట్లకు ఇది ధారాళంగా సరిపోతుంది. 2015లో మొదలైన డిజిలాకర్‌లో మీ సర్టిఫికెట్లలో ఏవేవి దొరుకుతాయో కూడా చూసుకోండి.

ప్రతి తీయడంతో పని అయిపోదు, అది తెరుచుకుంటుందో లేదో చూడాలి. 1998లో పిక్సార్ సంస్థలో టాయ్ స్టోరీ 2 సినిమా ఫైళ్ళు పొరపాటు ఆదేశంతో చెరిగిపోయాయి. బ్యాకప్ తెరిచి చూస్తే అది కూడా సరిగా లేదు. బిడ్డ పుట్టినందున ఇంటి నుంచి పనిచేస్తున్న గేలిన్ సస్మన్ అనే ఉద్యోగిని ఇంట్లోని కంప్యూటరులో ఒక ప్రతి ఉండబట్టి సినిమా నిలిచింది. కోట్లు ఖర్చుపెట్టిన సంస్థనే కాపాడినది వేరే చోట ఉన్న ఇంకొక ప్రతి. నెలకొకసారి, మొదటి ఆదివారం టిఫిన్ అయ్యాక, ప్రతి తీసి ఒక ఫైలు తెరిచి చూసుకునే అలవాటు పెట్టుకోండి. పది నిమిషాల పని.

మీరే జవాబు చెప్పండి

1. డిలీట్ చేసిన ఫైలు హార్డ్ డిస్కులో ఎందుకు మిగిలి ఉంటుంది? ఎస్.ఎస్.డి.లో ఎందుకు మిగలదు?
2. టిక్ టిక్ శబ్దం వస్తున్న డిస్కుకు మొదట చేయవలసిన పని ఏమిటి?
3. డీడీ రెస్క్యూ చెడ్డ చోట్లను చివరకు ఎందుకు వదిలిపెడుతుంది?
4. టెస్ట్‌డిస్క్‌కు, ఫోటోరెక్‌కు తేడా ఏమిటి?
5. మీ లాప్‌టాప్‌లో మళ్ళీ ఎక్కడా దొరకని ఫైళ్ళు ఏవి? వాటికి రెండో ప్రతి ఎక్కడుంది?

అయిదో ప్రశ్నకు జవాబు పరీక్ష కాగితం మీద వద్దు. ఈ సంచిక మూసి, వెళ్ళి ఒక పెన్‌డ్రైవ్‌లో రాయండి. సందేహం వస్తే పూర్వ విద్యార్థులం ఉన్నాము, మొహమాటపడకుండా అడగండి. మీరు నేర్చుకున్నాక మీ తర్వాత వచ్చే తమ్ముళ్ళకు నేర్పండి. విద్యకు కూడా ప్రతులు ఎన్ని ఎక్కువైతే అంత క్షేమం.